బ్యాండ్ దాటిపోయాక

మాఘమాసం పెళ్ళిళ్ళు అయిపోగానే బ్యాండు మూసేసి భువనగిరి వెళ్ళిపోతానని భద్రయ్య చెప్పిన రోజున నా పొయ్యి మీద పాలు పొంగిపోయాయి. స్టవ్ కట్టేశాను. కట్టేశానో లేదో చూడడానికి మళ్ళీ లేచాను. చూసి వచ్చి కూర్చున్నాక, చూసింది ఇప్పుడో ఇందాకనో తెలియక ఇంకోసారి లేచాను.

రెజిమెంటల్ బజార్‌లో మా సందుకు వేరే పేరు లేదు. భద్రయ్య బ్యాండు సందు అంటే ఆటోవాళ్ళు తీసుకొస్తారు. కింద ముందు గదిలో బ్యాండు షాపు, వెనక వాళ్ళ కాపురం, మేడ మీద నేను. మా ఆయన రైల్వే గార్డు. అనకాపల్లి దగ్గర మా ఊరి నుంచి ఆయన వెంట వచ్చి ఈ మేడ మీద చేరాను. ఆయన పోయాక మావాళ్ళు రమ్మన్నా వెళ్ళలేదు. ఒక చోటు వదలడమంటే నాకు భయం. నన్ను ఎవరైనా వదిలి వెళ్ళడమన్నా భయమే.

"ఎందుకయ్యా వెళ్ళడం?" అని అడిగాను.

"ఏమున్నదక్కా ఇక్కడ?" అన్నాడు భద్రయ్య, ట్రంపెట్ తుడుస్తూ. "అందరికి డీజే కావాలె. బ్యాండ్ పెట్టుకున్నా ఫోటోల కోసమే. మనం దాటిపోయినంక మన సప్పుడు ఎవరికన్న యాదికుంటదా? 'ఎవరిదా బ్యాండు' అని ఒక్కరన్న అడుగుతున్నరా? అడిగినోడు ఒక్కడు కనవడితె ఉంట. లేకుంటె యూనిఫారాలు సుత అమ్మేసి పోత."

భద్రయ్య కూతురు కల్పలత మెట్ల మీద కూర్చుని వింటోంది. రక్తపరీక్షల ల్యాబులో ఉద్యోగం. తండ్రి దగ్గర క్లారినెట్ నేర్చుకుంది గాని, ఆడపిల్లని ఊరేగింపులో ఎలా నిలబెట్టడమని ఆయన ఎన్నడూ వరసలో చేర్చలేదు.

"ఒక్క పెళ్ళి నాకియ్యి నాయినా," అంది. "దేవికక్క పెళ్ళి. నేను చెప్పినట్టు వాయించుర్రి. అప్పుడు సుత ఎవ్వరడగకపోతె నీకంటె ముందుగాల నేనే బస్సెక్కుత."

దేవిక మా అక్క కొడుకు వాసు కూతురు. వాళ్ళు ఇప్పుడు కాప్రాలో ఉంటారు. చిన్నప్పుడు వాళ్ళమ్మ లోవలక్ష్మి ఆఫీసు నుంచి వచ్చేదాకా ఆ పిల్ల ఇక్కడే ఉండేది. పెద్ద డ్రమ్ము మీద పుస్తకం పెట్టుకుని లెక్కలు చేసేది. డీజే పెడదామని లోవలక్ష్మి ఎంత పట్టుబట్టినా, నా పెళ్ళికి భద్రయ్య బాబాయి బ్యాండే ఉండాలంది దేవిక.

భద్రయ్య ట్రంపెట్ కింద పెట్టాడు. "సరె. ఆఖరి పెళ్ళే గద. నీ ఇష్టం."

మర్నాడు కల్పలత పైకి వచ్చి నా బట్టల తాడు మీదున్న క్లిప్పులన్నీ ఒకచోటికి జరిపింది. తడి తువ్వాలు ఒక్కటి మాత్రం ఉన్నచోటే వదిలింది.

"ఏటే అది? బట్టలెక్కడ ఆరేసుకోను?"

"జెర ఆగు పెద్దమ్మా. ఈ తువ్వాల నువ్వు. నీ బాల్కనీల నిలవడ్డవ్. ఈ క్లిప్పులు బ్యాండు. ఎర్రటియి ట్రంపెట్లు, నీలంవి క్లారినెట్లు, ఆకుపచ్చయి లావు బూరలు, వెనక పసుపుపచ్చయి డ్రమ్ములు. ఇప్పుడు చెప్పు, బ్యాండు ఎవరి కోసం?"

"పెళ్ళికొడుకు కోసం."

"ఆయన ఫోన్ల ఉంటడు. ముందల ఎగిరేటోళ్ళకు డ్రమ్ము ఉంటె చాలు. నిజంగ ఇనేది నువ్వు. గుమ్మంల నిలవడ్డోళ్ళు. కని మీకు పాట ముక్కలై వస్తది. ఒకింటికి పల్లవి దొరుకుతది, పక్కింటికి చరణం నడుమ దొరుకుతది. ఎందుకంటె మేము నడుస్తనే ఉంటం, మీరు నిలవడే ఉంటరు." క్లిప్పులను ఒక్కొక్కటిగా తువ్వాలు దాటించింది. "సూడు. ఏ గుమ్మం ముందుకైనా ఫస్టు ఎర్రటియే వస్తయి. అందుకే పాట మొదలు వాళ్ళకిస్త. వాళ్ళు అదే వాయిస్త పోవాలె. ఆ తర్వాతి ముక్క నీలమోళ్ళకు, దాని తర్వాతిది ఆకుపచ్చోళ్ళకు. వరస దాటిపోయేసరికి నిలవడ్డ మనిషికి పాట మొత్తం అందుతది."

నాకు తల తిరిగింది. "అందరూ ఒకేసారి తలో ముక్కా వాయిస్తే గోలైపోదేటే?"

"గోల గాకుండ చూసుడే నా పని. ఏ బూరకు ఏ ముక్క, ఎవరు పెద్దగ, ఎవరు మెల్లగ. దాన్నే ఆర్కెస్ట్రేషన్ అంటరు. పుస్తకాలల్ల అంత కుర్చీలేసి కూసోబెట్టిన బ్యాండ్ల గురించే ఉన్నది. నడిచేటోళ్ళ గురించి ఎవ్వలు రాయలే. నువ్వు బాల్కనీల కూసో, ఏం ఇనొస్తదో చెప్పు. చాలు."

"నాకు సంగీతం రాదు తల్లీ."

"అందుకే నువ్వు గావాలె."

ఆమె పట్టుకున్నది భద్రయ్య తండ్రి కట్టిన పాట. పెళ్ళికూతుర్ని సాగనంపేటప్పుడు వాయించేది. మాటలేమీ ఉండవు. కింద సాధన చేసినప్పుడల్లా విని విని నాకది కంఠతా వచ్చు. అందుకే నన్ను ఎంచుకుందేమో అనుకున్నాను.

ముహూర్తాలు లేని ఒక ఆదివారం మొదటిసారి వాయించారు. సందు ఆ చివర నుంచి వచ్చి, నా బాల్కనీ కింది నుంచి వెళ్ళి, ఈ చివర మలుపు తిరిగిపోయారు. తర్వాత కల్పలత పరిగెత్తుకుంటూ పైకి వచ్చింది.

"ఎట్లుంది?"

బాగుందని చెబుదామనుకున్నాను. ఆ పిల్ల కళ్ళు చూశాక అబద్ధం రాలేదు. "ఒకే పందిట్లో నాలుగు పెళ్ళిళ్ళు పెట్టినట్టుంది. ఏ పెళ్ళికి వచ్చానో నాకే తెలియడం లేదు," అన్నాను.

కింద నుంచి హరికిషన్ పెద్దగా నవ్వాడు. భద్రయ్య మేనల్లుడు, బ్యాండులో పెద్ద ట్రంపెట్ అతనిదే. "ఇగ సూస్కో! మా కల్ప పెట్టిన పరీక్షల పెద్దమ్మ ఫస్టు క్లాసుల పాసైంది. బ్యాండు ఫెయిలు!"

"నువ్వు జెర ఊదుడు తక్కువ జెయ్యి బావా. అంత పెద్దగ ఊదితె ఎనకోళ్ళు ఎట్ల ఇనొస్తరు?"

"ట్రంపెట్ అంటేనే పెద్దగ ఊదేది. మెల్లగ ఊదాలంటె ఈల కొనుక్కో."

అప్పటి నుంచి కల్పలత ఏవేవో మార్చింది. క్లారినెట్లు ముందుకొచ్చాయి, మళ్ళీ వెనక్కిపోయాయి. ఒకసారి వరసకూ వరసకూ మధ్య చాలా ఎడం పెట్టింది. ఆ సందులోకి ఒక పాలవ్యాను దూరి, సగం బ్యాండు వ్యానుకు ఇటు, సగం అటు అయింది. ఒకసారి ట్రంపెట్ల నోటికి నా పాత చీర ముక్కలు కట్టింది. హరికిషన్ వారం రోజులు ఆ మాటే చెప్పుకున్నాడు. డ్రమ్ములన్నీ వెనకే ఉంటే ముందువాళ్ళ నడక తప్పుతోందని ఒకదాన్ని ముందుకు తెచ్చింది. అది ముందు మోగితే మిగతావి వినబడడం లేదని నేనన్నాక, దాని మీద తువ్వాలు పరిచి కొట్టించింది. నా బట్టల తాడు మీద క్లిప్పులు రోజూ స్థలాలు మారేవి. నా బట్టలు కుర్చీల మీద ఆరేవి.

క్రమంగా గోల తగ్గింది. మొదట ట్రంపెట్లు పాట అందుకోవడం తెలిసేది. దాని కిందే క్లారినెట్లు మెల్లగా మొదలై, ట్రంపెట్లు దాటగానే పైకి వచ్చేవి. ఒకరి చేతిలో గిన్నె ఇంకొకరు అందుకున్నట్టు ఉండేది. నాకు కూడా సరదా పుట్టింది. చరణం ఎత్తేచోట లావు బూరలు ఆలస్యమవుతున్నాయనో, ఇక్కడ ఏదో ఖాళీగా ఉందనో చెప్పేదాన్ని. నేను చెప్పిన చోటే ఏదో తప్పు ఉండేదట.

ఒక్కటి మాత్రం కుదరలేదు.

"పాట చివర లేదే అమ్మా," అనేదాన్ని.

"ఉంది పెద్దమ్మా. డ్రమ్ముల ఎనక ఆఖరి వరసల పెట్టిన."

"ఏమో. నాకు వినిపించలేదు. పాట సగంలో ఎవరో తలుపేసినట్టు ఆగిపోతోంది."

ఆఖరి వరసలో లావు బూరకు బదులు సాక్సోఫోన్ పెట్టింది. చివర లేదన్నాను. రెండు క్లారినెట్లు పెట్టింది. లేదన్నాను. ఫోన్ తెచ్చి బాల్కనీ గోడ మీద పెట్టి రికార్డు చేసింది. ఫోనులో చివర ఉంది. చెవి దగ్గర పెట్టి వినిపించింది. పాట శుభ్రంగా ముగిసింది.

"ఇగో, ఉన్నది గద?"

"ఇందులో ఉంది. అప్పుడు లేదు."

నా చెవులే పాడయ్యాయని నాకు బెంగ పట్టుకుంది. కల్పలత నన్ను చెవుల డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళింది. ఆయన చెవుల్లో లైటు వేసి చూసి, ఏవో శబ్దాలు వినిపించి, ఈ వయసుకు ఇంత బాగా వినబడడం అదృష్టమన్నాడు. బయటికి వచ్చాక సంతోషించాలో లేదో తెలియలేదు. చెవులు బాగుంటే మరి ఆ చివర ఏమైపోతున్నట్టు?

పెళ్ళి దగ్గరపడింది. ఆఖరి వరసవాళ్ళు విసిగిపోయారు. "మేము వాయించేది పెద్దమ్మకు ఇనొస్తలేదంటె ఇగ మేమెందుకు?" అన్నాడొకడు. డీజే బండివాడొకడు తనను పిలుస్తున్నాడని, ఈ పెళ్ళి కాగానే పోతానని హరికిషన్ చెప్పాడు. భద్రయ్య యూనిఫారాలు లెక్కపెట్టుకున్నాడు. అది చూసి నాకు ఇంకా భయం వేసింది. ఒక మధ్యాహ్నం ఎవరో ఒకతను వచ్చి పెద్ద డ్రమ్మును తట్టి చూసి వెళ్ళాడు. కొనేవాడేమో.

ఆ ఆదివారం కల్పలత కింద నిలబడకుండా, బ్యాండును పంపించి తాను నా పక్కనే బాల్కనీలో స్టూలు వేసుకుంది. "నేను సుత నీ లెక్కనే ఇంట. ఎక్కడ తప్పుతున్నదో సూస్త."

ట్రంపెట్లు వచ్చాయి. క్లారినెట్లు వచ్చాయి. లావు బూరలు నా కిందికి వచ్చి, మలుపు వైపు సాగాయి.

"పెద్దమ్మా, ఎటు పోతున్నవ్?"

నేను గడప మీద ఉన్నాను. ఒక కాలు వంటింట్లో ఉంది.

"ఎక్కడికీ లేదే. పప్పు..."

"పప్పెక్కడున్నది? పొయ్యి మీద ఏం లేదు గద."

చూస్తే నిజమే. పొయ్యి మీద ఏమీ లేదు. ఎందుకు లేచానో నాకు తెలియదు. లేచానన్న సంగతే తెలియదు. కింద డ్రమ్ములు దాటిపోతున్నాయి. ఆఖరి వరస పాట చివర వాయిస్తూనే ఉంది. ఆ చప్పుడంతా నేను ఎప్పటిలా వంటింటి గోడ అవతలే వదిలేశాను.

కల్పలత నన్ను కూర్చోబెట్టి మంచినీళ్ళు ఇచ్చింది. "ఎప్పుడు గిట్లనే లేస్తవా?"

అప్పుడు ఆలోచించాను. మా ఆయన డ్యూటీకి బయల్దేరితే సంచీ అందించి, ఆయన చెప్పులేసుకునేలోపే లోపలికి వచ్చేసేదాన్ని. మా అక్కను రైలెక్కించడానికి వెళ్ళి, రైలు కదలకముందే ప్లాట్‌ఫారం మెట్లెక్కేశాను. ఆమెను మళ్ళీ చూడలేదు. ఎవరి వీపూ నేను చూడను. అది నియమమని ఎన్నడూ పెట్టుకోలేదు. కాళ్ళే అలా నేర్చుకున్నాయి.

"బ్యాండు కూడా వెళ్ళిపోయేదే కదా," అన్నాను, అంతకంటే చెప్పడానికి ఏమీ దొరక్క.

పాపం, ఆఖరి వరసవాళ్ళను ఊరికే తిప్పలు పెట్టానని ఏడుపొచ్చింది. కల్పలత నవ్వుతుందనో తిడుతుందనో అనుకున్నాను. ఆమె సందులోకి చూసింది. బ్యాండు మలుపు దాటిపోయాక ఎదురింటి కాంతమణి గుమ్మంలోంచి లోపలికి పోయింది. ఆ పక్కింటి ముసలాయన మూలుగుతూ లేచి తలుపేసుకున్నాడు.

"నువ్వొక్కదానివే కాదు పెద్దమ్మా. అందరు గంతనే. ముందల సగం సూస్తరు. ఆఖరి వరస వచ్చేసరికి లోపలికి తిరుగుతరు." లేచి బట్టల తాడు దగ్గరికి పోయింది. ఆఖరి క్లిప్పు తీసి చేతిలో తిప్పింది. "చివర ఎనక పెడితె లాభం లేదు. వీపు తిప్పినోళ్ళకు పోవాలె అది. ఇంట్లకు. వంటింట్లకు."

ఎర్ర క్లిప్పు ఒకటి తీసుకుని, తాడు మీద అన్నిటికంటే ముందుకు, నా తువ్వాలుకు చాలా దూరంగా, మేకు దగ్గర పెట్టింది.

మర్నాడు కింద పెద్ద లొల్లి అయింది.

"నేనొక్కన్ని పోవాల్నా?" అని హరికిషన్ అరిచాడు. "బ్యాండు కంటె ఒక మలుపు ముందు, ఒక్కన్ని, ఆ చివర ముక్క ఒకటే ఊదుకుంట? అది సుత మెల్లగ?"

"అవు బావా. దగ్గర బ్యాండు మోగుతుంటె నువ్వు ఎవ్వలకు ఇనవడవ్. బ్యాండు దాటిపోయి, డ్రమ్ములు సల్లవడ్డంక, వాళ్ళు లోపలికి పోయినంక, అప్పుడు ఆ దూరం నుంచి నువ్వొక్కనివే ఇనొస్తవ్. పాట అక్కడ అయిపోతది."

"మరి ముందు? నేను ముందు దాటుత గద. పాట రాకముందే చివర ఊదుకుంట పోతె జనం ఏమనుకుంటరు?"

"ఏం అర్థం గాదు వాళ్ళకు. కానియ్యి. మల్ల అదే ముక్క దూరం నుంచి వస్తె అప్పుడు సమజయితది."

"నాకైతె ఇప్పుడు సుత సమజ్ గాలె."

నాకూ కాలేదు. కాని ఆ సాయంత్రం వాయించి చూశారు. హరికిషన్ ఎర్ర కోటు వేసుకుని, ఎవరూ లేని సందులో ఒక్కడూ ఊదుకుంటూ నడిచాడు. ఎదురింటి మెట్ల మీది పిల్లలు వెంటపడ్డారు. "అన్నా, నీ బ్యాండు తప్పిపోయిందా? పోలీస్ స్టేషన్ల చెప్పినవా?" కాంతమణి నవ్వు ఆపుకోలేక కొంగు అడ్డం పెట్టుకుంది. అతను మొహం గంటు పెట్టుకుని మలుపు తిరిగిపోయాడు. ఆ తర్వాత బ్యాండు వచ్చింది. ట్రంపెట్లు, క్లారినెట్లు, లావు బూరలు. నా కాళ్ళు లేచాయి. ఈసారి ఆపుకోలేదు, ఆపుకోవద్దని కల్పలత గట్టిగా చెప్పింది. వంటింట్లోకి వెళ్ళి, గట్టు మీద చెయ్యి వేసి నిలబడ్డాను. డ్రమ్ములు దాటాయి. చప్పుడు మలుపు తిరిగి పలచబడింది. అప్పుడు ఆ గిన్నెల వెనక కిటికీలోంచి, ఎక్కడి నుంచో, ఆ ముక్క వచ్చింది. ఇందాక అర్థం లేకుండా దాటిపోయిందే, అదే.

కల్పలత పైకి వచ్చేసరికి నేను ఖాళీ గిన్నెలో గరిటె తిప్పుతున్నాను.

"ఉంది," అన్నాను.

పెళ్ళి కాప్రాలో ఫంక్షన్ హాల్లో జరిగింది. రాత్రి ముహూర్తం, ఉదయం అప్పగింతలు. హరికిషన్ వచ్చాడు గాని, డీజే బండి ఈ పక్క హాలు దగ్గరే ఉందని, ఇక్కడ అవగానే అటు పోతానని అన్నాడు. పన్నీరు చల్లి, చేతులు పాలల్లో ముంచి, అప్పగింతలు మొదలయ్యాయి. లోవలక్ష్మి ఏడుస్తోంది. దేవిక నా వైపు తల తిప్పింది. నేను అప్పటికే సామాన్ల గదిలో ఉన్నాను. కొబ్బరికాయలు, తమలపాకుల బుట్టలు. ఒక కొబ్బరికాయ చేతిలో పట్టుకుని, ఎందుకు పట్టుకున్నానో తెలియక నిలబడ్డాను.

కిటికీ అవతల ముందుగా హరికిషన్ ట్రంపెట్ ఒక్కటీ దాటింది. ఎవరో నవ్వారు. తర్వాత బ్యాండు మొదలైంది. గేటు వైపు నడుస్తున్నారు, వెనక కారు. వరసలు ఒకటొకటిగా దాటాయి. డ్రమ్ములు కూడా దాటాయి. ఇక ఇప్పుడు రావాలి.

రాలేదు.

బదులుగా రోడ్డు మీద నుంచి ఢాం ఢామని డీజే మొదలైంది. గదిలో గాజు గ్లాసులు అదిరాయి. నేను చెవులు రిక్కించాను. చివర లేదు. ఏం జరిగిందో ఊహించుకోవడం నాకు బాగా వచ్చు. హరికిషన్ బండెక్కేశాడు. ట్రంపెట్‌ను కోటులో చుట్టి పెట్టేశాడు. భద్రయ్య యూనిఫారాలు మడత పెట్టేస్తాడు. కింద షాపుకు ఎవరిదో కొత్త బోర్డు పడుతుంది. ఇన్నీ ఊహించుకున్నాక ఆ గదిలో ఉండలేకపోయాను. గేటు వైపు నడిచాను. పరిగెత్తాననే అంటారు చూసినవాళ్ళు.

రోడ్డు మీద అంతా ఆగిపోయి ఉంది. పక్క హాలు ఊరేగింపు అడ్డంగా వచ్చింది. డీజే బండి చుట్టూ కుర్రాళ్ళు ఎగురుతున్నారు. మన బ్యాండు ఒక పక్కకు ఒదిగి నిలబడింది. వాయిస్తున్నారో లేదో బుగ్గలు చూసి తెలుసుకోవలసిందే. వాళ్ళ వెనక పూలు కట్టిన కారు. వెనక అద్దం దిగింది.

"మామ్మా! నువ్వొచ్చావేటి!"

దేవిక కళ్ళు ఇంతవి చేసుకుంది. నేనెవర్నీ సాగనంపనని ఆ పిల్లకు చిన్నప్పటి నుంచి తెలుసు. కారు దగ్గరికి వెళ్ళాను. చేతిలో ఉన్న కొబ్బరికాయ కిటికీలోంచి ఆమె ఒళ్ళో పెట్టాను. ఆమె నవ్వి, ఏడ్చి, నా చెయ్యి పట్టుకుంది.

"అక్కా, రోడ్డు మీదికెందుకొచ్చినవ్? పడిపోతవ్!" అంటూ భద్రయ్య జరీ టోపీ సర్దుకుంటూ వచ్చి నా భుజం పట్టుకున్నాడు.

అంతలో డీజే బండి దాటింది. దారి దొరికింది. కల్పలత తండ్రి కోసం వెనక్కి చూసింది. ఆయన నన్ను పట్టుకుని ఉండిపోయాడు. ఆమే ముందుకు వెళ్ళి చెయ్యి ఎత్తింది. బ్యాండు కదిలింది. కారు కదిలింది. దేవిక చెయ్యి నా చేతిలోంచి జారింది. నా కాళ్ళు వెనక్కి తిరుగుతాయని చూశాను. భద్రయ్య పట్టుకుని ఉండడం వల్లో ఏమో, తిరగలేదు. కారు వెనక అద్దంలో పూల మధ్య ఆమె తల కనిపిస్తూనే ఉంది. ఎవరైనా వెళ్ళేటప్పుడు నిలబడి చూసేవాళ్ళు చేతులేం చేసుకుంటారో నాకు తెలియదు. కొంగు పట్టుకున్నాను.

డ్రమ్ములు కాప్రా చెరువు వైపు మలుపు తిరిగాయి. కారు తిరిగింది. రోడ్డు మీద కాగితం పూలు మిగిలాయి.

అప్పుడు వచ్చింది. చాలా దూరం నుంచి, ఒక్క ట్రంపెట్. హరికిషన్ ఎక్కడికీ పోలేదు. ఆ డీజే హోరులో ఎవరికీ వినబడకుండా, ఎదురుగా ఎవరూ లేకుండా, అదే ముక్క ఊదుతూనే ఉన్నాడన్నమాట. పాట అక్కడ ఆగింది.

నా భుజం మీద భద్రయ్య చెయ్యి బిగుసుకుంది. తిరిగి చూస్తే ఆయన నోరు కొంచెం తెరిచి, అటే చూస్తున్నాడు. పుట్టినప్పటి నుంచి బ్యాండుతో నడిచిన మనిషి. తన బ్యాండు తనను దాటిపోతుంటే నిలబడి ఎన్నడూ వినలేదు.

వెనక వంటశాల గేటులో గిన్నెలు కడిగే ఆవిడ సబ్బు చేతులతో నిలబడి ఉంది. "అమ్మా, అయిపోయిందనుకుని లోపలికి పోయినం. మల్ల ఆ ఒక్క బూర ఎవలిది? ఎవల బ్యాండది?"

నేను భద్రయ్య వంక చూశాను. ఎర్ర కోటు, జరీ టోపీ, భుజాల మీద కుచ్చులు. చెప్పకపోయినా తెలుస్తూనే ఉంది.

"మా బిడ్డది," అన్నాడు.

తిరిగి వస్తూ ఆటోలో భద్రయ్య నా పక్కనే కూర్చున్నాడు. భువనగిరి సంగతి అడగాలని నోటిదాకా వచ్చింది. అడిగితే ఏమంటాడో అని అడగలేదు. ఆ రాత్రంతా ఆలోచించాను. ఆవిడ అడిగింది కదా, ఒక్కరు అడిగితే ఉంటానన్నాడు కదా. కాని మనుషులు ఆ మాట మీదే ఉంటారని ఏముంది?

పొద్దున స్టవ్ వెలిగిస్తుంటే బాల్కనీలో ఎవరో కదిలారు. భద్రయ్య. కళ్ళద్దాలు పెట్టుకుని, బట్టల తాడు ముందు నిలబడి, క్లిప్పుల వైపు చూస్తున్నాడు.

"అక్కా, ఈ నీలంది క్లారినెట్టేనా?"

"అవునయ్యా."

"ఇది ఇక్కడెందుకు పెట్టిందో నాకు సమజయితలేదు." దాన్ని తీసి, రెండు ఆకుపచ్చవాటి మధ్య పెట్టి, వెనక్కి జరిగి చూశాడు. తల అడ్డంగా ఊపి మళ్ళీ తీశాడు. "ఆమె లేచినంక అడగాలె. నువ్వు ఆదివారం యాడికి పోకు."

"నేనెక్కడికి పోతానయ్యా," అన్నాను. పొయ్యి మీద పాలు పొంగుతున్న చప్పుడు వినబడింది.